లగ్గు ఎత్తు కన్నా ముందు కొలవవలసింది

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము యూటా రాష్ట్రంలోని లీహైలో ఉంటున్నాము. నిరుడు చలికాలం చివర కొండల్లో లోతు మంచు మీద నడిచే ఒక పాత మౌంటెన్ స్నోమొబైల్ కొన్నాను. 800 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. ట్రాక్ వెడల్పు 15 అంగుళాలు, చుట్టుకొలత 154 అంగుళాలు, లగ్గు (ట్రాక్ మీద అడ్డంగా లేచి ఉండే రబ్బరు రెక్క) ఎత్తు 2.25 అంగుళాలు, పిచ్ 2.86 అంగుళాలు. కామస్ నుంచి మిర్రర్ లేక్ దారి వెంట యూయింటా కొండల్లోకి వెళుతుంటాము. లోతైన పొడిమంచులో మిత్రుల బండ్లు వాలు ఎక్కిపోతుంటే నాది సగంలోనే కూరుకుపోతోంది. మూడు అంగుళాల లగ్గులున్న ట్రాక్ వేసుకొమ్మని అందరూ అంటున్నారు. ప్రస్తుతం లగ్గు కొసకూ, టన్నెల్ (సీటు కింద ట్రాక్ తిరిగే గూడు) ముందు భాగంలో ఇంజను నీటిని చల్లబరిచే కూలర్‌కూ మధ్య ముప్పావు అంగుళం ఖాళీ ఉంది. డ్రైవ్ ఇరుసు మీద ఎనిమిది పళ్ళ చక్రాలున్నాయి. మూడు అంగుళాలది పడుతుందా? పడితే అదే మంచిదా? (ఒక పాఠకుడు, లీహై)

సమాధానం: ఆ ముప్పావు అంగుళాన్ని కొలిచి రాశారు కనుక సగం పని మీరే చేసి పెట్టారు. ట్రాక్ మార్చుకోవాలనుకునే వారు సాధారణంగా లగ్గు ఎత్తుతో మొదలుపెట్టి, ధర దగ్గర ఆగి, చోటు సంగతి ట్రాక్ ఇంటికి వచ్చాక చూసుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను కనుక ఈ మాట అనే హక్కు నాకుంది. చవకగా దొరికిందని ఎత్తు లగ్గుల పాత ట్రాక్ ఒకటి తెచ్చి, కొలవకుండానే బిగించి, మొదటి రోజే రబ్బరు కమురు వాసన వస్తుంటే బెల్టు వేడెక్కిందనుకొని మధ్యాహ్నం దాకా నడిపాను. ఇంటికి వచ్చి వెనుక భాగం పైకెత్తి చూస్తే, టన్నెల్ అడుగున కొబ్బరి కోరులాగా రబ్బరు తురుము కుప్ప పడి ఉంది. లగ్గుల కొసలన్నీ ఒకే ఎత్తున, క్షవరం చేసినట్లు తెగి ఉన్నాయి. డబ్బు పోసి కొన్న ఎత్తులో కొంత ఒక్క పూటలో బండే కోసి పారేసింది.

ఈ వాహనాన్ని చూడని పాఠకుల కోసం రెండు వాక్యాలు రాస్తాను. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనుక సీటు కింద ట్రాక్ అనే ఒక వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటాయి. ఇంజను తిప్పే డ్రైవ్ ఇరుసు మీది పళ్ళ చక్రాలు ఆ పట్టాను తిప్పుతాయి, పట్టా మీద అడ్డంగా లేచి ఉన్న రబ్బరు రెక్కలు మంచును వెనక్కి తోసి బండిని ముందుకు నడుపుతాయి. కెనడాలో క్యుబెక్‌లోని వాల్కూర్‌కు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1937లో పళ్ళ చక్రం, పట్టా కలిసిన ఏర్పాటుకు పేటెంటు పొందాడు. ఆయన సంస్థ నుంచి 1959లో స్కీడూ అనే స్నోమొబైల్ వచ్చింది. పట్టా మీది ఆ రబ్బరు రెక్కలనే లగ్గులంటారు. చదును చేసిన బాటల మీద తిరిగే బండ్లకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల లగ్గులు సరిపోతాయి, కొండ బండ్లకు రెండుంపావు నుంచి మూడు అంగుళాల దాకా ఉంటాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 2.86 పిచ్ అంటే పట్టాలో ఒక పన్ను పట్టే చోటి నుంచి పక్క చోటికి ఉండే దూరం. ఎనిమిది పళ్ళ చక్రం ఒక్కసారి తిరిగితే 22.88 అంగుళాల పట్టా కదులుతుంది. దానిని బట్టి ఆ చక్రం వ్యాసార్ధం సుమారు 3.64 అంగుళాలు. ఏడు పళ్ళ చక్రానికి ఒక చుట్టులో 20.02 అంగుళాలు, వ్యాసార్ధం సుమారు 3.19 అంగుళాలు. అంటే ఒక్క పన్ను తగ్గిస్తే పట్టా ఇరుసుకు 0.45 అంగుళాల మేర దగ్గరగా జరుగుతుంది, అంత చోటు కూలర్ దగ్గర మీకు కలిసి వస్తుంది. ఉన్న చక్రాల మీదనే మూడు అంగుళాల ట్రాక్ వేస్తే లగ్గు ముప్పావు అంగుళం పెరుగుతుంది కనుక మీకున్న ఖాళీ సున్నా అవుతుంది. ఏడు పళ్ళ చక్రాలకు మారి మూడు అంగుళాలది వేస్తే 0.45 మిగులుతుంది. 2.6 అంగుళాల ట్రాక్‌ను పాత చక్రాల మీదనే వేస్తే 0.40, చక్రాలు కూడా మారిస్తే 0.85 మిగులుతుంది.

ఈ నాలుగింటిలో ఏది చాలు అన్నప్పుడు, నిలిచి ఉన్న బండిలో కనిపించే ఖాళీ పరుగు తీసే బండిలో ఉండదన్న సంగతి గుర్తుంచుకోవాలి. వేగం పెరిగే కొద్దీ పట్టా బయటికి ఉబ్బుతుంది, మెత్తటి లగ్గులు నిటారుగా సాగుతాయి, మంచుగడ్డ ఒకటి మధ్యలో ఇరుక్కుంటే ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది. అందుచేత అర అంగుళానికి తక్కువ ఖాళీతో ఏ బండినీ బయటికి పంపవద్దన్నది నా నియమం. ఆ నియమం ప్రకారం మీకు మిగిలేది ఒక్కటే: ఏడు పళ్ళ చక్రాల మీద 2.6 అంగుళాల ట్రాక్. మూడు అంగుళాలది అంగుళంలో ఇరవయ్యో వంతు తేడాతో తప్పిపోయిందని బాధపడి, లగ్గుల కొసలు కోసి వేసుకొనే వారున్నారు. దాని కన్నా కోశాక మిగిలే ఎత్తుదే కొనుక్కోవడం మేలు.

చోటు ఉన్నా సరే, మీ బండికి మూడు అంగుళాలది నేను సిఫారసు చేయను. పై నుంచి గాలి నింపే టర్బో లేని ఇంజను, సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. మిర్రర్ లేక్ దారి బాల్డ్ మౌంటెన్ కనుమ దగ్గర పది వేల ఏడు వందల అడుగులు దాటుతుంది. కాగితం మీద 150 హార్స్‌పవర్ ఉన్న ఇంజను అక్కడ వంద పైచిలుకు మాత్రమే ఇస్తుంది. ఎత్తు లగ్గు ప్రతి చుట్టులో ఎక్కువ మంచును ఎత్తిపోయాలి, ఆ పనికి బలం చాలకపోతే పట్టా వేగం పడిపోతుంది, లోతు మంచులో పట్టా వేగం పడిపోయిన బండి తేలదు. అంతేకాక, నిలిచి ఉన్న బండిని ఒక్కసారిగా లాగించినప్పుడు మూడు అంగుళాల లగ్గు ముందుకు నడిపే లోపలే కింద గొయ్యి తవ్వి పెడుతుంది. మీ మిత్రుల బండ్లు కొత్తవీ, టర్బో ఉన్నవీ అయితే వారి సలహా వారి బండ్లకు సరైనదే.

మీరు సగంలో కూరుకుపోవడానికి లగ్గు ఒక్కటే కారణమని కూడా అనుకోవద్దు. ట్రాక్ పొడవు 154 నుంచి 163 అంగుళాలకు పెరిగితే నేల మీద ఆనే భాగం సుమారు నాలుగున్నర అంగుళాలు పెరుగుతుంది. 15 అంగుళాల వెడల్పుకు అది దాదాపు 67 చదరపు అంగుళాల అదనపు ఆధారం. పొడి మంచులో తేలడానికి ఇది లగ్గు కన్నా ఎక్కువ ఉపకరిస్తుందని నా అనుభవం. కానీ దానికి స్కిడ్ (పట్టా లోపలి వెనుక సస్పెన్షన్) పట్టీల పొడిగింపు, టన్నెల్ పొడిగింపు కావాలి, ఖర్చు రెట్టింపు అవుతుంది. ఈ ఏడాదికి పొడవు జోలికి పోకుండా ఎత్తు ఒక్కటే మార్చి చూడండి.

కొనేటప్పుడు ఒక్క చోట మాత్రం మోసపోవద్దు. అమ్మేవారు తరచుగా పొడవూ, లగ్గు ఎత్తూ చెప్పి పిచ్ చెప్పరు. 2.86 పిచ్‌తో 54 పళ్ళచోట్లుంటే 154.4 అంగుళాల పట్టా; 3.0 పిచ్‌తో 51 ఉంటే 153 అంగుళాల పట్టా. గోడకు వేలాడదీస్తే రెండూ కవలల్లాగా ఉంటాయి, కానీ ఒక దాని చక్రాల మీద రెండవది నడవదు. వాడిన ట్రాక్ అయితే టేపు తీసుకొని వరుసగా పది పిచ్‌ల దూరం కొలవండి. 28.6 అంగుళాలు వస్తే మీది, 30 వస్తే వదిలేయండి.

ఏడు పళ్ళ చక్రాలు మరి రెండు మార్పులు తెస్తాయి. ఒకటి, గేరు ఎనిమిదో వంతు తగ్గినట్లవుతుంది. ఎత్తు లగ్గును తిప్పడానికి కొంత తగ్గడం మంచిదే కాని ఇంత అవసరం లేదు, కనుక చెయిన్‌కేసులో, అంటే ఇంజను బలాన్ని డ్రైవ్ ఇరుసుకు చేర్చే చెయిన్ ఉన్న పెట్టెలో, పై పళ్ళ చక్రాన్ని ఒక పన్ను ఎక్కువ ఉన్నదానికి మారిస్తే, ఉదాహరణకు 19కి బదులు 20 పళ్ళది వేస్తే, ఐదు శాతం పైగా తిరిగి వస్తుంది. చెయిన్ పొడవు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. రెండవది, స్పీడో సెన్సరు డ్రైవ్ ఇరుసు చుట్లను లెక్కించే బండి అయితే, మీరు 35 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు అది 40 చూపిస్తుంది. మిత్రుల ముందు పనికివస్తుంది.

ప్రశ్న: ఐడహోలోని బోయిసీ నుంచి రాస్తున్నాను. 2.6 అంగుళాల కొత్త ట్రాక్, దానికి తగిన డ్రైవ్ చక్రాలు కొని గ్యారేజీలో పెట్టుకున్నాను. కారు పనులు కొంత చేసుకోగలను. స్నోమొబైల్ ట్రాక్ ఇంట్లో మార్చుకోవడం సాధ్యమా? ఎక్కడ జాగ్రత్త పడాలి? (ఒక పాఠకుడు, బోయిసీ)

సమాధానం: సాధ్యమే. మొదటిసారికి ఒక పూర్తి రోజు, తోడుగా ఒక మనిషి, మీ బండి సర్వీసు మాన్యువల్ కావాలి. ఏ బోల్టుకు ఎంత బిగువు, చెయిన్‌కు ఎంత వదులు అన్న అంకెలు మాన్యువల్‌లోవే తీసుకోండి, నావి కాని, మీ స్నేహితునివి కాని వద్దు.

పని మొదలుపెట్టడానికి ఒక రోజు ముందే కొత్త ట్రాక్‌ను చుట్ట విప్పి ఇంటి లోపల వెచ్చగా ఉన్న గదిలో పరచండి. చలిలో ముడుచుకొని ఉన్న రబ్బరు కర్రలాగా మొండికేస్తుంది. ఇంట్లో వాళ్ళు వాసన అంటారు, ఒక్క రాత్రికి సర్దుకోమనండి. పాత ట్రాక్ తీయక ముందు దానిని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. లగ్గుల వంపు ఎటు ఉందో, అంచు మీది బాణం ఎటు చూపుతోందో ఆ ఫోటోల్లో స్పష్టంగా పడాలి. ట్రాక్‌ను తిరగేసి బిగించి, అంతా అయ్యాక మళ్ళీ మొత్తం విప్పిన వాళ్ళు నాకు తెలిసిన వారిలోనే ఇద్దరున్నారు.

పెట్రోలు ట్యాంకును దాదాపు ఖాళీ చేయండి, ఎందుకంటే మధ్యలో బండిని పక్కకు పడుకోబెట్టవలసి వస్తుంది. ట్రాక్ బిగువు మరలు పూర్తిగా వదులు చేసి, బండి వెనుక భాగాన్ని పైకి వేలాడదీసి, స్కిడ్‌ను, అంటే పట్టా లోపల ఉండే వెనుక సస్పెన్షన్‌ను, టన్నెల్‌కు పట్టి ఉంచే బోల్టులను తీయాలి. చాలా బండ్లలో ఇవి పక్కకు రెండు చొప్పున నాలుగుంటాయి. బరువు బోల్టు మీద ఉండగా దానిని లాగితే మరలు చెడతాయి. బండిని కొంచెం పైకీ కిందికీ జరిపి, బోల్టు చేతితోనే కదిలే ఎత్తు దొరికాక లాగండి.

తరువాత చెయిన్‌కేసు. నూనె దించి, మూత తీసి, టెన్షనరు వదిలి, రెండు పళ్ళ చక్రాలనూ చెయిన్‌తో సహా ఒకేసారి బయటికి తీస్తారు. వాటి నట్లు వదలడానికి ఇరుసు కదలకుండా బ్రేకు లివరును ఒక పట్టీతో కట్టేయడం సులువైన ఉపాయం. తీసిన వాషర్లను తీసిన వరుసలోనే ఒక తీగకు గుచ్చి పెట్టుకోండి. అడుగున అయస్కాంతానికి ఎంత ఇనుప ముద్ద పట్టుకుందో కూడా చూడండి. సన్నటి బూడిద గుజ్జు సహజం, పళ్ళ ముక్కలు కనబడితే చెయిన్, చక్రాలు మార్చే పని కూడా ఇదే రోజు పెట్టుకోవాలి. రెండవ వైపున బేరింగును, స్పీడో సెన్సరును విడిపిస్తే డ్రైవ్ ఇరుసు పక్కకు జరిగి కిందికి దిగుతుంది, దానితో పాటు పాత పట్టా కూడా బయటికి వస్తుంది.

మొత్తం పనిలో నేను ఇంట్లో చేయవద్దనేది ఒక్క భాగమే. ఇరుసు మీది డ్రైవ్ చక్రాలు సాధారణంగా బిగుతుగా కూర్చొని ఉంటాయి, వాటిని ప్రెస్సు మీద పెట్టి తీయాలి, ప్రెస్సు మీదే ఎక్కించాలి. సుత్తితో కొడితే చక్రం పగలకపోయినా ఓరగా కూర్చుంటుంది. తీసే ముందు ఇరుసు ఒక కొస నుంచి ప్రతి చక్రం ఎంత దూరంలో ఉందో కొలిచి కాగితం మీద రాసి, ఇరుసును ఆ కాగితంతో సహా ఒక మెషిన్ షాపుకు తీసుకువెళ్ళండి. కొత్త చక్రాలన్నింటి పళ్ళూ ఒకే వరుసలో ఉండాలని వారికి ప్రత్యేకంగా చెప్పండి. ఒక చక్రం పన్ను పట్టే క్షణానికి రెండవది కొంచెం వెనుకబడి ఉంటే, భారమంతా ఒక వైపే పడి, ట్రాక్ లోపలి పళ్ళు ఒక పక్కనే అరిగిపోతాయి.

తిరిగి బిగించేటప్పుడు వరుస ముఖ్యం. ముందు కొత్త పట్టాను టన్నెల్‌లో పెట్టాలి, దాని లోపలి నుంచి ఇరుసును దూర్చి బేరింగులలో కూర్చోబెట్టాలి, చివరికి స్కిడ్. కొత్త ట్రాక్ బిగువుగా ఉంటుంది కనుక స్కిడ్ రంధ్రాలు టన్నెల్ రంధ్రాలతో కలవడానికి మొరాయిస్తాయి. లారీలకు సామాను కట్టే రాచెట్ పట్టీతో స్కిడ్‌ను నొక్కి కట్టి, బండిని పక్కకు పడుకోబెట్టి ముందు బోల్టులు మొదట వేయండి. ఈ ఘట్టంలోనే తోడు మనిషి కావాలి, ఓపిక అంతకన్నా ఎక్కువ కావాలి. మీరు చిన్న డ్రైవ్ చక్రాలకు మారుతున్నట్లయితే, పట్టాకు అక్కడ కొంత వదులు వస్తుంది, దానిని తీసుకోవడానికి వెనుక ఇరుసు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా వెనక్కి జరగాలి. సర్దుబాటు మరలో అంత దూరం మిగిలి ఉందో లేదో ట్రాక్ కొనక ముందే చూసి ఉండవలసింది. ఇప్పుడైనా చూడండి.

బిగించడం అయ్యాక పట్టాను చేతితో ఒక పూర్తి చుట్టు తిప్పుతూ, టార్చి వేసి ముందు కూలర్, టన్నెల్ పైభాగం, రివెట్ల తలలు, బోల్టు కొసలు ఒక్కొక్కటీ చూడండి. సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు పట్టా పైభాగం ఎక్కడికి వస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత లగ్గుకు అందని బోల్టు కొస కొత్త లగ్గుకు అందవచ్చు.

బిగువు సంగతికి వస్తే, వెనుక భాగాన్ని నేలకు అంటకుండా ఎత్తి, మాన్యువల్ చెప్పిన చోట చెప్పిన బరువును కింది పట్టాకు వేలాడదీసి, స్కిడ్ అడుగున పట్టా జారే ప్లాస్టిక్ స్లైడుకూ పట్టాకూ మధ్య ఎంత ఎడం వస్తుందో కొలవాలి. మరీ వదులైతే బ్రేకు వేసినప్పుడో, గట్టిగా లాగించినప్పుడో పళ్ళు జారి టకటకమని చప్పుడు వస్తుంది. మరీ బిగువైతే బేరింగులు త్వరగా పోతాయి, ఇంజను బలం పట్టాను వంచడానికే ఖర్చవుతుంది. తరువాత ఇంజనును నెమ్మదిగా నడిపి పట్టా నడిమధ్యన తిరుగుతోందో లేదో చూడండి. ఎడమ పక్కకు జరుగుతుంటే ఎడమ మర బిగించాలి, కుడికి జరుగుతుంటే కుడిది, ఒక్కొక్కసారి పావు చుట్టు చాలు. ఆ సమయంలో బండి వెనుక ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, నిలబడకూడదు. లగ్గుల్లో ఇరుక్కున్న చిన్న రాయి కూడా అక్కడి నుంచి తూటాలాగా వస్తుంది. కొత్త రబ్బరు సాగుతుంది కనుక మొదటి యాభై, అరవై మైళ్ళ తరువాత బిగువు మళ్ళీ కొలవండి.

ప్రశ్న: మేము కొలరాడోలోని డెన్వర్ నుంచి రాబిట్ ఇయర్స్ కనుమకు వెళుతుంటాము. ఎత్తు లగ్గుల ట్రాక్ వేసినప్పటి నుంచి, చదును చేసిన గట్టి బాట మీద కొన్ని మైళ్ళు పోయేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది, ఇంజను ఉష్ణోగ్రత కూడా పెరుగుతోంది. లోతు మంచులోకి దిగగానే రెండూ సర్దుకుంటున్నాయి. ట్రాక్ తప్పుగా బిగించారా? (ఒక పాఠకురాలు, డెన్వర్)

సమాధానం: బిగింపు తప్పు కాకపోవచ్చునమ్మా. మన ఊళ్ళలో దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరు మడిలో ఎంత బాగా నడుస్తుందో, అదే చక్రాలతో తారు రోడ్డెక్కితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. ఎత్తు లగ్గు పరిస్థితి కూడా అదే. మెత్తటి మంచులో పూర్తిగా దిగబడి నిలబడే లగ్గు, గట్టి నేల మీద బండి బరువునంతా కొస మీద మోస్తూ ప్రతి చుట్టులో మడతపడి లేస్తుంది. అలా వంగి లేవడంతోనే రబ్బరు వేడెక్కుతుంది. వేగం ఎక్కువైతే లగ్గులు మొదలు దగ్గర చీలి ఊడిపోవడమూ ఉంది.

మీకు వచ్చే వాసన మాత్రం బహుశా హైఫ్యాక్స్‌ది. స్కిడ్ పట్టీల అడుగున ఉండే ఈ ప్లాస్టిక్ పట్టీల మీద పట్టా జారుతుంది. వాటికి కందెన వేరే లేదు, లోపలికి ఎగిరి వచ్చే మంచే కందెన. ఇంజను నీటిని చల్లబరిచేది కూడా టన్నెల్‌లోని కూలర్ల మీదికి ఎగిరే ఆ మంచే. గట్టి బాట మీద మంచు ఎగరదు కనుక రెండు బాధలూ ఒకేసారి మొదలవుతాయి, లోతు మంచులో ఒకేసారి తీరుతాయి. మీ ఉత్తరంలో ఉన్నదీ అదే.

స్కిడ్ పట్టీలకు బిగించే తీగ స్క్రాచర్లు వేయించండి. అవి బాటను గీరి మంచు పొడిని పైకి లేపుతాయి, ఖర్చు కూడా పెద్దది కాదు. వెనుకకు నడిపే ముందు వాటిని పైకి తగిలించడం మరవవద్దు, కొన్ని రకాలు వెనుక నడకకు విరుగుతాయి. గట్టి బాట మీద వేగం తగ్గించి, బాట అంచున వదులు మంచు ఉన్న చోట నడపండి. ఉష్ణోగ్రత ఎక్కుతుంటే వాలు లేని చోట పక్కకు దిగి కొద్దిసేపు మెత్తటి మంచులో తిప్పి రండి. ట్రాక్ బిగువు కూడా ఒకసారి కొలిపించండి, ఎందుకంటే ఎక్కువ బిగువు హైఫ్యాక్స్‌ను ఇంకా త్వరగా కరిగిస్తుంది. ఇప్పటికే కాలిన హైఫ్యాక్స్‌ను చేతితో తడిమితే సంగతి తెలుస్తుంది: సాధారణంగా అరిగినది నున్నగా ఉంటుంది, కరిగినది అంచుల వెంట పెదవిలాగా పొంగి, గరుకుగా తగులుతుంది. అలా తగిలితే ఈ వారమే మార్పించి, తరువాతే కనుమకు బయలుదేరండి.